చంపని ఆయుధాన్ని రాయడం: కొత్త రచయితకు ఒక లేఖ

చిరంజీవికి,

టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి, డైస్ వేసి ఆడే కథల ఆట కోసం నువ్వు రాసి పంపిన మాయా ఆయుధాల వివరణలు చదివాను. కత్తులూ గొడ్డళ్లూ బాగానే కుదిరాయి. ప్రాణం తీయని ఆయుధాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలావాటికి ఒకటే వాక్యం అతికించావు: "ఇది శత్రువును చంపదు, స్పృహ తప్పిస్తుంది." గదకీ అదే, వలకీ అదే. కత్తికైతే అంత పొదుపు చెల్లుతుంది. దెబ్బ తగిలింది, ఎదుటివాడు పోయాడు, కథ ముందుకు నడిచింది. చంపని ఆయుధానికి అసలు పని దెబ్బ తగిలాకే మొదలవుతుంది, ఎందుకంటే పడ్డవాడు ఇంకా ఉన్నాడు. ఎంతసేపు పడి ఉంటాడు? చూడగలడా? అరవగలడా? ఎవరు లేపగలరు? లేచాక ఏం గుర్తుంటుంది? టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లు ఆ మరుక్షణమే ఇవన్నీ అడుగుతారు. నీ వివరణలో జవాబు లేకపోతే డీఎం (ఆట నడిపే డంజియన్ మాస్టర్) అప్పటికప్పుడు ఏదో ఒకటి కల్పించాలి. వచ్చే వారానికి అది మర్చిపోయి ఇంకోటి కల్పిస్తే, ఆట ఆగిపోయి వాదన మొదలవుతుంది.

ముందు ఏ ఆటకు, ఏ ఎడిషన్‌కు రాస్తున్నావో తేల్చుకో. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ 2014 నియమాల్లో, దగ్గర నుంచి చేసిన దాడితో ఎదుటివాడి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) సున్నాకు పడితే, కొట్టినవాడు ఆ క్షణంలో "చంపను, పడగొడతాను" అనొచ్చు. ముందుగా చెప్పక్కర్లేదు, దాడికి వేసే డైస్ రోల్‌లో ఏమీ తగ్గదు, చేతిలో ఉన్నది రెండు చేతుల గొడ్డలైనా ఫర్వాలేదు. పడ్డవాడికి ప్రాణాపాయం ఉండదు. ఎవరూ పట్టించుకోకపోయినా 1డీ4 గంటల (నాలుగు ముఖాల డైస్ ఒకసారి వేస్తే వచ్చినన్ని గంటల) తర్వాత ఒక హిట్ పాయింట్‌తో లేస్తాడు. 2024 నియమాల్లో కొద్దిగా మార్చారు. ఇప్పుడు సున్నాకు బదులు ఒక హిట్ పాయింట్ దగ్గర ఆగి, స్పృహ తప్పి, షార్ట్ రెస్ట్ అనే చిన్న విశ్రాంతిలోకి వెళతాడు. హిట్ పాయింట్లు ఏ కాస్త తిరిగి వచ్చినా లేస్తాడు, ఎవరైనా డీసీ 10 మెడిసిన్ చెక్‌తో (వైద్య నైపుణ్యానికి డైస్ వేసి, డీసీ అనే లక్ష్యాన్ని, ఇక్కడ 10ని, అందుకుని) ప్రథమ చికిత్స చేసినా లేస్తాడు.

ఇది చదివి నీ "కరుణ గద"ను మళ్లీ చూడు. ప్రతి గదకూ ఊరికే దొరికే గుణాన్ని దానికి మాయ అని పేరు పెట్టి ఇచ్చావు. ఆటగాడు మొదటి పోరాటంలోనే ఈ సంగతి పట్టేస్తాడు.

ఈ ఎడిషన్లలో నిజంగా ఖాళీ ఉన్నది దూరం నుంచి కొట్టే ఆయుధాల దగ్గర. బాణానికీ, దూరం నుంచి వేసే మంత్రానికీ ఆ వెసులుబాటు లేదు. చంపని విల్లు రాస్తే అది కొత్త సంగతే. రెండో ఖాళీ, హిట్ పాయింట్ల జోలికి పోకుండా చెయ్యి, కాలు, గొంతు, చూపు మీద పనిచేసే ఆయుధాలు. నీకు నా సలహా రెండోదే. అక్కడ వర్ణనకు చోటెక్కువ.

అదే 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌కు రాస్తే లెక్క పూర్తిగా వేరు. అక్కడ నాన్‌లీథల్ (ప్రాణం తీయని) దెబ్బను విడిగా కూడుతూ పోతారు. ఆ మొత్తం అప్పుడున్న హిట్ పాయింట్లతో సమానమైతే మనిషి తూలతాడు, మించితే పడిపోతాడు. మామూలు కత్తితో చంపకుండా కొట్టాలంటే దాడి రోల్‌లో 4 పోతుంది. అందుకే ఆ ఎడిషన్‌లో మెర్సిఫుల్ అనే మాయా గుణానికి విలువ వచ్చింది. 1డీ6 అదనపు దెబ్బ ఇస్తుంది, మొత్తం దెబ్బను నాన్‌లీథల్ చేస్తుంది, ఆజ్ఞ ఇస్తే ఆగుతుంది, మళ్లీ ఆజ్ఞ ఇస్తే మొదలవుతుంది. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో మామూలు ఆయుధంతో అదే ప్రయత్నానికి 2 పోతుంది. నీ కరుణ గద ఒక ఆటలో పనికిరాని సరుకు, ఇంకో ఆటలో బంగారం.

ఇప్పుడు నీ వాక్యమే ఒకటి తీసుకుందాం: "ఈ మాయాదండం తగిలినవాడు కదలలేడు." ఏం కదలదు? రెప్పలా, కాళ్లా, నాలుకా? మొత్తం శరీరాన్ని ఆపేసే బదులు ఒక్క భాగాన్ని ఎంచుకో. చెయ్యి అనుకుందాం. కంటికి కనిపించేది ముందు రాయి:

"మూరెడు పొడవు నల్లకర్ర. కొసన ఇత్తడి తాళం, దానికి చెవి పెట్టే రంధ్రం లేదు. ఎవరి చేతికైనా తగిలితే లోపలెక్కడో గడియ పడిన చప్పుడవుతుంది. ఆ చేతి వేళ్లు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుంటాయి."

డీఎం పైకి చదివేది ఇంతే. నాలుగు చిన్న వాక్యాలు దాటితే వినేవాళ్ల కళ్లు డైస్ మీదికి పోతాయి. దీని కింద నియమం, అలంకారం లేకుండా (సేవ్ అంటే మాయను తట్టుకోవడానికి వేసే డైస్, కాన్‌స్టిట్యూషన్ అంటే శరీర దారుఢ్యం, టర్న్ అంటే తన వంతు, యాక్షన్ అంటే ఆ వంతులో చేసే ప్రధాన పని, బోనస్ యాక్షన్ అంటే అదనపు చిన్న పని):

"దాడి తగిలినప్పుడు, దెబ్బకు బదులు ఈ గుణం వాడొచ్చు. ఎదుటివాడు డీసీ 13 కాన్‌స్టిట్యూషన్ సేవ్ చెయ్యాలి. ఓడితే, కొట్టినవాడు ఎంచుకున్న ఒక చెయ్యి ఒక నిమిషం బిగుసుకుంటుంది. ఆ చేతిలో ఉన్నది వదల్లేడు, దానితో దాడి చెయ్యలేడు, ఆ చేత్తో కొత్తది అందుకోలేడు. చేతి కదలిక కావలసిన మంత్రాలకు ఆ చెయ్యి పనికిరాదు. తన ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్ చెయ్యొచ్చు. దండం పట్టినవాడు బోనస్ యాక్షన్‌తో ఎప్పుడైనా విడిపించొచ్చు. రోజుకు మూడుసార్లు, తెల్లవారితే మళ్లీ మూడు."

వరుస గమనించు. ఎప్పుడు, ఎవరు ఏ డైస్ వెయ్యాలి, ఓడితే ఏమవుతుంది, ఎంతసేపు, ఎలా వదులుతుంది, ఎన్నిసార్లు. పోరాటం మధ్యలో డీఎం వెతికేది కూడా ఇదే వరుసలో. "వదల్లేడు" అన్న ఒక్క మాట ఈ ఆయుధాన్ని మిగతావాటి నుంచి వేరు చేస్తోంది. కత్తి కింద పడదు, చేతిలోనే ఉంటుంది, అయినా పనికిరాదు. దాంతో వచ్చే చిక్కులు కూడా నువ్వే ముందుగా ఆలోచించి పెట్టుకో. డాలు ఉన్న చెయ్యి బిగుసుకుంటే డాలు అక్కడే ఉంటుంది కాబట్టి ఏసీ (దాడి తగలాలంటే అందుకోవాల్సిన రక్షణ అంకె) తగ్గదు. నిచ్చెన ఎక్కుతున్నవాడికి తగిలితే కింద పడడు, పైకీ పోలేడు. ఇక ఆటగాళ్ల తెలివి సంగతి: కొండ అంచున తాడు పట్టుకుని వేలాడుతున్న తమ స్నేహితుడి చేతి మీదే ఈ దండంతో ఒక్కటిచ్చి, పట్టు జారకుండా చేస్తారు. దెబ్బకు బదులు గుణం అని రాశాం కాబట్టి అతనికి గాయం కూడా కాదు. ఇలాంటి అడ్డదారి వాడకం ఒక్కటైనా తట్టిందంటే ఆ ఆయుధాన్ని ఉంచు. ఎంత వెతికినా తట్టకపోతే పక్కన పెట్టి ఇంకోటి రాయి.

నీ డ్రాఫ్టులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది "స్తంభన బాణం". పారలైజ్డ్ (ఒళ్లంతా కదలిక లేని స్థితి) అని రాసేసి ఊరుకున్నావు. 5వ ఎడిషన్‌లో పారలైజ్డ్ అయినా, స్పృహ తప్పినా, ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికలే (దెబ్బకు వేసే డైస్ రెట్టింపయ్యే పోటు). అంటే చంపదని రాసిన బాణమే చంపడానికి అన్నిటికంటే సులువైన దారి అయి కూర్చుంది. ఒకడు బాణం వేస్తాడు, మిగతా ముగ్గురూ చుట్టూ చేరి కోసేస్తారు. ఇందులో ఆటగాళ్ల తప్పేం లేదు, నియమం వాళ్లను అటు పొమ్మంటోంది. మార్గాలు రెండున్నాయి. ఒకటి, పారలైజ్డ్‌కు బదులు రెస్ట్రెయిన్డ్ (కట్టిపడేసిన స్థితి) వాడు. ఉన్నచోటు నుంచి కదలలేడు, అతని మీద దాడులకు అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, దగ్గర నుంచి కొట్టినంత మాత్రాన క్రిటికల్ మాత్రం కాదు. రెండోది నాకు ఇంకా ఇష్టం: గాయమైతే మాయ తెగిపోవాలి. 2014 స్లీప్ మంత్రం ఇలాగే పనిచేస్తుంది. నిద్రపోయినవాడు దెబ్బ తగిలితే లేస్తాడు, ఎవరైనా ఒక యాక్షన్ ఖర్చుపెట్టి కుదిపినా లేస్తాడు. అప్పుడు పడుకున్నవాణ్ని ఏం చెయ్యాలన్నది ఆటగాళ్లకు నిజమైన ప్రశ్న అవుతుంది. కట్టేస్తారా, దాటిపోతారా, తాళాలు కొట్టేస్తారా?

కాలం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకో. ఒక రౌండ్ అంటే 6 సెకన్లు, నిమిషం అంటే 10 రౌండ్లు. చాలా పోరాటాలు నాలుగైదు రౌండ్లలో తేలిపోతాయి కాబట్టి, మధ్యలో సేవ్ లేకుండా "ఒక నిమిషం" అని రాస్తే "ఇక ఈ పోరాటంలో వాడు లేడు" అని రాసినట్టే. చిన్నాచితకా కాపలావాళ్ల మీద అది చెల్లుతుంది. కథకు ప్రధాన శత్రువైనవాడు మొదటి రౌండ్‌లోనే అలా కొయ్యబారిపోతే డీఎం ఆ ఆయుధాన్ని మళ్లీ ఆటలో కనపడనివ్వడు.

కట్టిపడేసే ఆయుధాలకు తెగే దారి కూడా అంకెల్లో ఉండాలి. 2014 నియమాల్లో మామూలు వల ఏసీ 10, నరికే దెబ్బ 5 తగిలితే తెగుతుంది, డీసీ 10 స్ట్రెంగ్త్ చెక్‌తో బయటపడొచ్చు. మాయా తాడు రోప్ ఆఫ్ ఎంటాంగిల్‌మెంట్‌కు ఏసీ 20, హిట్ పాయింట్లు 20, విడిపించుకోవడానికి డీసీ 15. ఐరన్ బ్యాండ్స్ ఆఫ్ బైండింగ్ మూడంగుళాల ఇనుప గోళం, 60 అడుగుల దాకా విసరొచ్చు. తెంచుకోవాలంటే డీసీ 20, ఒకసారి ఓడినవాడు 24 గంటల దాకా ఎంత గింజుకున్నా లాభం లేదు. ఆ చివరి ముక్క చూడు. బందీకి ఒక్కటే అవకాశం అని చెప్పడంతో ఆ ఒక్క రోల్‌కు టేబుల్ అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. నీ "వెండి వల"కు ఏసీ లేదు, హిట్ పాయింట్లు లేవు, డీసీ లేదు. ఎవడో ఒకడు బాకు తీసి కోస్తానంటాడు, అప్పుడు డీఎం ఏం చెప్పాలి?

మన పురాణాల్ని ఈ కంటితో ఒకసారి చదువు. విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు. కౌరవ వీరులు సొమ్మసిల్లుతారు, ఉత్తరుడు వెళ్లి వాళ్ల వస్త్రాలు తెస్తాడు. వెళ్లేముందు అర్జునుడు చేసే హెచ్చరిక చూడు: భీష్ముడికి దాని విరుగుడు తెలుసు, ఆయన స్పృహలోనే ఉన్నాడు, జాగ్రత్త. ఎవరికి పనిచేసింది, ఎవరికి పనిచెయ్యలేదు, ఆ వ్యవధిలో ఏం చేశారు, అన్నీ ఉన్నాయి. సుందరకాండలో ఇంకా చక్కటి నియమం ఉంది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రంతో హనుమంతుణ్ని బంధిస్తే, తెలివితక్కువ రాక్షసులు పైనుంచి తాళ్లతో కట్టేస్తారు. ఇంకో కట్టు పడగానే అస్త్రం తనంతట తాను వదిలేస్తుంది. బంధించినవాళ్ల అత్యుత్సాహమే బంధాన్ని తెంచింది. ఇలాంటి విడుపు ఒక్కటి నీ ఆయుధానికి పెట్టు, డీసీ కంటే బాగా గుర్తుంటుంది.

ఎవరి మీద పనిచెయ్యదో కూడా రాయాలి. 3.5లో అన్‌డెడ్‌కూ (చచ్చీ తిరిగేవాళ్లు), కన్‌స్ట్రక్ట్‌లకూ (మాయతో నడిచే బొమ్మలు) నాన్‌లీథల్ దెబ్బ అంటదు. అస్థిపంజరాల గుంపు ఎదురైతే మెర్సిఫుల్ కత్తి పట్టినవాడు ముందు దాని గుణాన్ని ఆపాలి. ఆ ఎడిషన్‌లో కొరడా దెబ్బ అయితే ఏసీకి +1 ఇచ్చే కవచం ఉన్నవాడికి కూడా అంటదు. 2014 స్లీప్ అన్‌డెడ్‌కు పనిచెయ్యదు, ఎల్ఫ్ జాతివాళ్లను మాయతో నిద్రపుచ్చడం కుదరదు. అలాగే ఆయుధం చంపకపోయినా చోటు చంపుతుంది. ఎగురుతున్నవాణ్ని నిద్రపుచ్చితే పది అడుగులకు 1డీ6 చొప్పున పడిన దెబ్బ తగులుతుంది. ఈదుతున్నవాడి కాళ్లు బిగిస్తే మునుగుతాడు. మాయ వాటి నుంచి కాపాడుతుందో లేదో ఒక్క వాక్యంలో తేల్చు. నేనైతే కాపాడదనే రాస్తాను. ఆయుధం వాడేవాడు నాలుగువైపులా చూసుకోవాలి, అందులోనే ఆట ఉంది.

చివరగా నీ జాబితాలో నాకు నచ్చనివి. తగిలినవాడు కొట్టినవాణ్ని ప్రేమించేలా చేసే బాణం, బట్టలు మాయం చేసే కొరడా, జ్ఞాపకాలన్నీ తుడిచేసే సుత్తి. ఇవేవీ చంపవు, నిజమే. కానీ వీటికంటే కత్తిపోటు నయమనిపించే ఆటగాళ్లుంటారు. మనసును లొంగదీసే ఆయుధం రాయాలనుకుంటే ఆట మొదలుపెట్టేముందు అందరితో మాట్లాడి ఒప్పించాలని డీఎంకు వివరణలోనే సూచించు. కొరడాను మాత్రం తీసేయ్. నవ్వు ఒక్కసారే వస్తుంది, ఇబ్బంది కాంపెయిన్, అంటే కథ మొత్తం, అయ్యేదాకా ఉంటుంది. సుత్తిని బాగుచెయ్యొచ్చు: కిందటి ఒక్క నిమిషం మాత్రమే మరిచిపోతాడని రాయి. లేచిన కాపలావాడికి తనను ఎవరు కొట్టారో తెలియదు, కొట్టారన్న సంగతి మాత్రం తలమీది బొప్పి చెబుతుంది.

ఇప్పుడు మొత్తం తిరగరాయకు. స్తంభన బాణం, వెండి వల, సుత్తి, ఈ మూడే తీసుకో. రాశాక ఆట తెలిసి నీ ప్రపంచం తెలియని ఒకరికి ఇచ్చి, పడ్డవాడు ఎప్పుడు లేస్తాడు, ఎవరు లేపొచ్చు, ఇది ఎవరి మీద పనిచెయ్యదు అని అడుగు. నువ్వు నోరు విప్పి వివరించాల్సి వచ్చిన ప్రతిచోటా గుర్తు పెట్టుకో. ఆ గుర్తులతో సహా నాకు పంపు.

ఆశీస్సులతో.