మీ చిన్నప్పటి ఊళ్లో ఇప్పుడు లేని చోట్లలో మీకు బాగా గుర్తొచ్చేది ఏది?

మా ఊరి శాఖా గ్రంథాలయం మెట్లు. గమనించండి, గ్రంథాలయం అనలేదు, మెట్లు అన్నాను. లోపల గోడకు "నిశ్శబ్దం పాటించండి" అని నీలం రంగు బోర్డు ఉండేది. ఆ బోర్డు మీద నాకు నలభై ఏళ్లుగా కోపం. మనవాళ్లు గ్రంథాలయాలకు దూరం కావడానికి టీవీ కారణమని కొందరు, ఫోను కారణమని కొందరు అంటారు. నన్నడిగితే ఆ బోర్డే కారణం.

మాది కృష్ణా జిల్లాలో బందరు కాలువకు దగ్గర్లో చిన్న ఊరు. రెండు గదుల పెంకుటింట్లో గ్రంథాలయం. ముందు గదిలో పొడవాటి బల్ల, దాని మీద పత్రికలు. వెనక గదిలో నాలుగు బీరువాలు, వాటి తాళాలు లైబ్రేరియన్ గారి జేబులో. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. గుమ్మం దాటగానే సంతకాల రిజిస్టరు. పేపరు ఒక్కటే, చదివేవాళ్లు ఇరవై మంది. అందుకని షీట్లు విడదీసి తలా ఒకటి తీసుకునేవాళ్లం. నాకు ఎప్పుడూ సగం వార్తే దక్కేది. "మిగతా 5వ పేజీలో" అని ఉంటుంది. ఆ 5వ పేజీ బల్లకు అటు చివర ఎవరి చేతిలోనో ఉంటుంది. అడగాలంటే నోరు విప్పాలి. నోరు విప్పితే లైబ్రేరియన్ గారు పెన్సిలుతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టేవారు.

1984లో నేను తొమ్మిదో తరగతి. ఆగస్టు 16, గురువారం, గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. రామారావు గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే అమెరికా నుంచి వచ్చి ఉన్నారు. మా ఊళ్లో రేడియో విన్నవాళ్లు ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పలేదు. అసలు సంగతి మర్నాడు పేపర్లో చూసుకోవాలి. ఆ మర్నాడు శుక్రవారం!

పొద్దున్నే వెళ్లేసరికి మెట్ల మీద పదిహేను మంది ఉన్నారు. తలుపుకు తాళం. పేపరు కుర్రాడు అలవాటు ప్రకారం కిటికీ ఊచల్లోంచి పేపరు లోపలికి విసిరేసి వెళ్లిపోయాడు. అది నేల మీద మడత విప్పకుండా పడి ఉంది. పెద్దక్షరాలు సగం కనిపిస్తున్నాయి. ఒకరి తర్వాత ఒకరు ఊచలకు ముఖం ఆనించి చూడటం, "గవర్నరు" దాకా చదివి దిగిపోవడం.

అప్పుడు వచ్చారు కరణం గారు. అప్పటికి ఆయన మాజీ. ఆ జనవరిలోనే రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రాష్ట్రమంతటా మునసబు, కరణాల పదవులు రద్దు చేసింది. పదవి పోయినా మా ఊళ్లో ఎవరూ ఆయన్ని వేరే పేరుతో పిలవలేదు. ఆయన రాగానే అందరూ కాస్త సర్దుకున్నారు, ఈయన ఇప్పుడు ఎగతాళి చేస్తారని. ఆయన ఏమీ అనలేదు. గొడుగు తిరగేసి, వంపు ఉన్న కొస ఊచల్లోంచి లోపలికి పోనిచ్చి, పేపరును మెల్లగా గోడ దాకా లాగారు. సన్నటి చేయి కావాలన్నారు. నా చేయి పట్టింది. పైకి తీస్తుంటే మొదటి పేజీ అంచు ఊచకు తగిలి చిరిగింది. ఆ చిరుగు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కరణం గారు కళ్లజోడు తెచ్చుకోలేదు. "అబ్బాయ్, పైమెట్టు మీద నిలబడి గట్టిగా చదువు" అన్నారు. చదివాను. నాలుగో వాక్యంలో "బర్తరఫ్" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎప్పుడూ వినలేదు. "అంటే ఏమిటండీ?" అని అడిగాను. ఆయన గొడుగు మూస్తూ, "ఉద్యోగం ఊడటం నాయనా. జనవరిలో మాకు, ఆగస్టులో ఆయనకు" అన్నారు. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అది అన్యాయం, ఇదీ అన్యాయమే. చదువు" అన్నారు.

చదువుతూ తలెత్తితే గుంపు వెనక సైకిలు పట్టుకుని లైబ్రేరియన్ గారు. నా గొంతు ఎండిపోయింది. ఆయన చేతిలో పెన్సిలు లేదు. "ఆగావేం? మిగతా 5వ పేజీలో ఉంటుంది, అది కూడా చదువు" అన్నారు. ఆ గ్రంథాలయంలో నేను ఒక వార్తను చివరిదాకా తెలుసుకోవడం అదే మొదటిసారి.

చదవడం అయ్యాక కూడా ఎవరూ కదల్లేదు. కరణం గారు చిన్నప్పటి సంగతి చెప్పారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు కదా, ఆ పడవ రేవుకు వస్తే చదువు వచ్చినవాడు చదివితే మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని వినేవారట. ఆ పడవలో ఏ బోర్డూ ఉండి ఉండదని నా నమ్మకం.

సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మర్నాడు సోమవారం, గ్రంథాలయం తెరిచే ఉంది. బోర్డు కింద తలా ఒక షీటు పట్టుకుని మౌనంగా చదువుకున్నాం. అంత పెద్ద వార్త వచ్చిన ఆ రోజు నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, మెట్లూ లేవు. గ్రంథాలయాన్ని ఒక షాపింగ్ కాంప్లెక్సు రెండో అంతస్తుకు మార్చారు. పేపరు కోసం వచ్చే ముసలివాళ్లు అన్ని మెట్లు ఎక్కగలరా అని ఎవరూ అనుకోలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలు చేస్తారు. మీ రసీదు తీసి చూడండి, అందులో ఉంటుంది. కట్టడం మాత్రం నేను ఒక్క ఏడాది మానలేదు. ఆ డబ్బుకు కింద ఒక్క గది దొరకదా? పోయినసారి వెళ్తే అందరూ పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న పిల్లలే. వాళ్లను తప్పుపట్టను, ఇంట్లో కుర్చీ లేకే కదా అక్కడికి వస్తారు. పేపరు తిప్పుతూ ఏదో వార్త చూసి పైకే "అరె" అన్నాను. పక్క కుర్రాడు తలెత్తకుండానే గోడ మీది బోర్డు వైపు వేలు చూపించాడు. బోర్డు కొత్తది, అక్షరాలు అవే.

రిజిస్టరు సంగతి మరిచాను. శనివారం ఉదయం లైబ్రేరియన్ గారు గుమ్మంలోనే నిలబడి, శుక్రవారం వచ్చినవాళ్లందరినీ ఆపి, 17వ తేదీ వేసి సంతకాలు పెట్టించారు. మొత్తం ఇరవై ఆరు. పేపరు చిరుగుకు లోపలివైపు కాగితం ముక్క అంటించి ఉంది. తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి, సెలవు రోజున ఇరవై ఆరు మంది పాఠకులు ఎక్కడి నుంచి వచ్చారని అడిగారట. "మెట్ల మీదికి అండీ" అన్నారట మా లైబ్రేరియన్ గారు.