మూడు పంపులు మార్చినా అదే తంతు

ప్రశ్న: నాది 2015 మోడల్ పెట్రోల్ కారు. ఉండేది విజయవాడ. బయట సీఎన్‌జీ కిట్ వేయించినప్పటి నుంచి ఫ్యూయల్ పంపు మూడుసార్లు పోయింది. ముందు వెనక సీటు కింద నుంచి సన్నగా కూత మొదలవుతుంది, తర్వాత పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి సతాయిస్తుంది, గ్యాస్ అయిపోయి పెట్రోల్‌కి మారిందంటే కాసేపటికే ఆగిపోతుంది. మెకానిక్ మాత్రం ఇదంతా ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నాడు. నిజమేనా? నేను పెట్రోల్ పెద్దగా వాడను కూడా, ఎప్పుడైనా రెండు మూడు వందలకు కొట్టిస్తానంతే.

జవాబు: మీరు మామూలుగా రాసేసిన ఆ చివరి మాటే నాకు అన్నిటికంటే అనుమానంగా ఉంది. పంపు ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉంటుంది, దాని మోటారు చల్లబడేది ఆ పెట్రోల్‌తోనే, అరగకుండా తిరిగేదీ దానివల్లే. బయట వేసే చాలా కిట్లలో గ్యాస్‌కి మారగానే ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆగుతాయి గానీ పంపు ఆగదు. అంటే మీరు గ్యాస్ మీద హాయిగా వెళ్తున్నంతసేపూ, వెనక ట్యాంకు అడుగున ఉన్న రెండు లీటర్ల వేడి పెట్రోల్‌లో అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. మే నెల విజయవాడ ఎండ దానికి తోడు.

ఇది తేల్చుకోవడం తేలికే. బండి గ్యాస్ మీద ఉండగా పంపు కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందేమో మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటర్) చూడమనండి. వస్తుంటే, గ్యాస్ మోడ్‌లో పంపు ఆగేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టడం మీ బండిలో కుదురుతుందేమో కిట్ వేసినవాళ్లనే అడగండి. కుదిరినా కుదరకపోయినా పావు ట్యాంకుకి తగ్గనివ్వకండి, ఆ పెట్రోల్ నిల్వపడి పాడవకుండా వారానికోసారి నాలుగైదు కిలోమీటర్లు దానిమీదే నడపండి.

మీటర్ ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి బండి పెట్రోల్ మీద నడుస్తుండగా ఇంకో పరీక్ష కూడా చేయించండి, చాలా షాపుల్లో ఎందుకో దీని జోలికే పోరు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉండి పంపు దగ్గర 12 కూడా రాకపోతే కొత్త పంపు వేసి లాభం లేదు. అర వోల్టు తేడా వరకు సరే, అంతకు మించితే దారిలో ఎక్కడో కరెంటు చచ్చుబడుతోంది. ఎక్కువగా దొరికేది తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్, కాలిన రిలే, లేదా కరిగి గోధుమరంగుకు తిరిగిన కనెక్టర్ పిన్. పాత పంపు ఎక్కువ కరెంటు లాగి పిన్ను మాడ్చేస్తుంది, కొత్త పంపును అదే మాడిన పిన్నుకి తగిలిస్తారు, మళ్లీ కథ మొదలు.

ఇథనాల్ సంగతి పూర్తిగా కొట్టిపారేయను. అది తేమను పీల్చుకుంటుంది, మీలాగా ఎప్పుడూ సగానికి పైగా ఖాళీగా ఉండే ట్యాంకులో గాలి, దాంతో పాటు తేమ చేరడానికి చోటు ఎక్కువ. మీది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన బండి కూడా కాదు, రబ్బరు పైపులు, సీళ్లు చూపించుకోవడం మంచిదే. కానీ అదొక్కటే కారణమైతే మీ కాలనీలో ఉన్న ఆ కాలపు కార్లన్నీ ఇలాగే ఆగిపోతుండాలి కదా! అనుమానం తీరాలంటే ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీయించి కదపకుండా ఉంచండి. కింద నీళ్లలాంటి వేరే పొర కట్టినా, తుప్పు పొడి దిగినా ట్యాంకు దించి కడగాల్సిందే.

ఈసారి తీసిన పంపును షాపులో వదిలేయకుండా అడిగి తీసుకోండి. దాని కింది జాలీ నల్లగా మూసుకుపోయి ఉంటే మురికి, జాలీ శుభ్రంగా ఉండి మోటారు మాడిన వాసన వస్తుంటే వేడి లేదా కరెంటు. ట్యాంకు మూత విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి, బండిని గాలి ఆడే చోట పెట్టించండి, దగ్గర్లో ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వకండి.