రీబూట్ చేసి చూడు లావణ్యా

లావణ్యా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "నీ మేనకోడలు నీ లైన్లోకే వస్తుందంట, రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్ పరీక్ష రాస్తుందంట" అన్నాడు. అన్నయ్య ముందు "ఓహో సర్లే, రాయనీ" అని తేలిగ్గా అనేశాగానీ ఫోన్ పెట్టేశాక మీ అత్తకి ఎంత సంతోషమేసిందో నీకు తెలీదు, మన ఇంట్లో నేను తప్ప సర్వర్ మొహం చూసినవాళ్ళు ఎవరున్నారు చెప్పు. ఆ వెనకాలే గుబులు కూడా పట్టుకుంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు తిట్లు. జాబ్ గ్యారంటీ అన్నాడని ఎవడో కోచింగ్ వాడికి అరవై వేలు కట్టబోతున్నావంట? ఆపు. మేం నేర్చుకునే రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నడిస్తే చేతిలో పాంప్లెట్లు పెట్టేవాళ్ళు, బయట కరెంటు స్తంభాలకి కూడా కోర్సుల పేర్లే, ఒక్క కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చుని వంతులేసుకుని కమాండ్లు కొట్టేవాళ్ళం, మాకు వేరే దారి లేదు కాబట్టి. నీకేం కర్మ? రెడ్ హ్యాట్ వాళ్ళ డెవలపర్ అకౌంట్ ఓపెన్ చేస్తే 16 సిస్టమ్‌ల దాకా వాళ్ళ లైనక్స్ ఆర్‌హెచ్ఈఎల్ ఫ్రీగా వాడుకోవచ్చు, అదీ వద్దనుకుంటే అచ్చం దానిలాగే ఉండే ఆల్మా లైనక్స్, రాకీ లైనక్స్ ఉన్నాయి. నీ లాప్‌టాప్‌లో వర్చువల్ బాక్స్ అనే ప్రోగ్రాం పెట్టి దాంట్లో రెండు ఉత్తుత్తి మెషీన్లు చేసుకో, ఒకటి పాడైతే తీసేసి మళ్ళీ చెయ్, పాడవ్వాలి కూడా.

పరీక్ష సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఈఎక్స్200, అది దాని కోడు, 300 మార్కులకి 210 వస్తే పాస్, సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. ఏ బీ సీ డీలు టిక్ పెట్టడం ఉండదు, మెషీన్ ఇచ్చి పనులు చెప్తారు, చేసి చూపించాలి. ఇంటర్నెట్ ఉండదు, ఏ కమాండ్ ఎలా వాడాలో చెప్పే మ్యాన్ పేజీలు మెషీన్లోనే ఉంటాయి కాబట్టి వాటిల్లో వెతకడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. ఎవడో వాట్సాప్‌లో పంపిన డంప్స్, అదే పాత ప్రశ్నలూ జవాబులూ, బట్టీ పట్టి వెళ్తే చెయ్యి కదలదు అక్కడ.

ఇప్పుడు అసలు మాట. ఆ పరీక్షలో నువ్వు చేసిందంతా మెషీన్ రీబూట్ అయ్యాక కూడా నిలబడాలి, అప్పుడే మార్కులు. ఎందుకలా పెట్టారో నాకు అర్థమైంది పరీక్షలో కాదు, ఒక శనివారం రాత్రి.

మా టీమ్‌లో ఒక కుర్రాడుండేవాడు, మంచి చురుకు. ఒక క్లయింట్ సర్వర్‌కి కొత్త డిస్క్ తగిలించి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, చేత్తో మౌంట్ చేశాడు, అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించాడు, డేటా కనిపించింది, అందరూ ఓకే అన్నారు. తర్వాత, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ చెయ్యాలో చెప్పే ఫైలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైను రాసేటప్పుడు ఎక్స్‌ఎఫ్‌ఎస్ బదులు ఈఎక్స్‌టీ4 అని కొట్టాడు. రెండూ డిస్క్‌లో ఫైళ్ళు సర్దే పద్ధతులే, కానీ వేరు వేరు. అంతే, ఒక్క మాట. కొన్నాళ్ళకి వాడు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు, సర్వర్ మాత్రం నెలల తరబడి శుభ్రంగా నడిచింది. ఆ శనివారం కెర్నల్ ప్యాచ్ వేసి రీబూట్ కొట్టాం, ఇక రాలేదు. కన్సోల్ తెరిస్తే ఎర్రక్షరాల్లో స్లాష్ డేటా, అదే ఆ కొత్త డిస్క్, మౌంట్ అవ్వలేదని, దాని కింద మెయింటెనెన్స్ కోసం రూట్ పాస్‌వర్డ్ కొట్టమని. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో మార్చారు, రాసిపెట్టుకున్నది పని చెయ్యలేదు. ఇక బూట్ మొదట్లో వచ్చే మెనూ గ్రబ్‌లో 'ఈ' నొక్కి, లైను చివర బూట్‌ని మధ్యలో ఆపే ఆర్‌డీ డాట్ బ్రేక్ కలిపి, అసలు సిస్టమ్ ఉండే సిస్‌రూట్‌ని రాయగలిగే మోడ్‌లో పెట్టి, లోపలికెళ్ళి పాస్‌వర్డ్ మార్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ సరిచేసి, ఫైళ్ళకి భద్రతా లేబుళ్ళు మళ్ళీ వెయ్యమని చెప్పే ఆటోరీలేబుల్ ఫైల్ పెట్టి బయటికొచ్చాం. అది మర్చిపోతే ఆ లేబుళ్ళు చూసి కాపలా కాసే ఎస్ఈలైనక్స్ మళ్ళీ లాగిన్ అవ్వనివ్వదు, నువ్వు కూడా మర్చిపోకు. రీలేబుల్ అవుతుంటే పక్కన క్లయింటు మేనేజరు నిమిషానికోసారి "అయ్యిందా మేడమ్" అనడం, నాకు చెమటలు.

మర్నాడు ఆ కుర్రాడికి నేనే ఫోన్ చేశా, నాలుగు దులుపుదామనే చేశా. వాడు పాపం "లేదక్కా, లైను రాశాక మౌంట్ మైనస్ ఏ కూడా కొట్టాను, ఎర్రర్ ఏమీ రాలేదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే! మైనస్ ఏ అంటే ఆ ఫైల్లో ఉన్నవన్నీ మౌంట్ చెయ్యమని, కానీ డిస్క్ అప్పటికే మౌంటై ఉంది కదా, మౌంటై ఉన్నదాన్ని మైనస్ ఏ ముట్టుకోదు, వదిలేసి వెళ్ళిపోతుంది. ముందు అన్‌మౌంట్ చేసి అప్పుడు మైనస్ ఏ కొట్టుంటే అక్కడే దొరికిపోయేది. తిడదామనుకున్నదాన్ని వాడి పిల్లల గురించి అడిగి పెట్టేశా.

అందుకని లావణ్యా, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకున్నావా, అన్‌మౌంట్ చెయ్, మైనస్ ఏ కొట్టు, ఫైల్లో తప్పులుంటే చూపించే ఫైండ్‌మౌంట్ వెరిఫై కొట్టు, ఆపైన రీబూట్ చెయ్. సర్వీస్ స్టార్ట్ చేసి ఎనేబుల్ మర్చిపోవడం, ఫైర్‌వాల్ రూల్‌కి పర్మనెంట్ పెట్టకపోవడం, ఎస్ఈలైనక్స్ ఆన్, ఆఫ్ స్విచ్ బూలియన్‌కి క్యాపిటల్ పీ వదిలెయ్యడం, అన్నీ ఆ జాతివే, అప్పటికి పని చేసి రీబూట్ అయ్యాక మోసం చేస్తాయి. పరీక్షలో చివరి అరగంట కొత్త పనులు మొదలుపెట్టకు, ఇచ్చిన మెషీన్లన్నీ రీబూట్ చేసి ఒక్కోటీ చూసుకో.

పార్టిషన్లు, డిస్కులు కలిపి పంచుకునే ఎల్‌వీఎం, యూజర్లు, పర్మిషన్లు రోజూ చెయ్, వాటి గురించి చెప్పేదేం లేదు.

ఇంట్లోంచి రాస్తానన్నావంట. రెడ్ హ్యాట్ వాళ్ళిచ్చే ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చెయ్యాలి, కెమెరా పెట్టాలి, గదిలోకి ఎవరూ రాకూడదు. మీ భీమవరంలో ఎండాకాలం కరెంటు సంగతి నాకు తెలీదా, పైగా మీ నానమ్మ మధ్యలో మజ్జిగ గ్లాసుతో తలుపు తోసుకుని వస్తుంది, అమ్మని ఆపడం నావల్లే కాలేదు. హైదరాబాద్ వచ్చి సెంటర్లో రాయి, మా ఇంట్లో ఉండు.

ఇంకోటి, నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఆధార్‌లో పూర్తిగా ఉంది కదా. గుర్తింపు కార్డు మీద ఎలా ఉందో అకౌంట్లో అలాగే ఉండాలి, తేడా ఉంటే గేటు దగ్గరే ఆగిపోతావ్. రిజిస్టర్ చేసే ముందు కార్డు ఫోటో, స్క్రీన్‌షాట్ రెండూ నాకు పంపు, నేను చూశాకే సబ్మిట్ కొట్టు. ఫీజు నేను కడతా, మీ నాన్నకి చెప్పకు, వాడు మళ్ళీ నాకు పంపిస్తానంటాడు, ఆ గొడవ నాకొద్దు.

మీ అత్త