టెక్‌నెట్ లాంటి చవక సబ్‌స్క్రిప్షన్ ఇప్పుడు దొరుకుతుందా?

హనుమకొండలో చిన్న ఆఫీసు సర్వర్లు చూసుకునే ఒకరు, ఇంట్లో టెస్ట్ ల్యాబ్ (సాఫ్ట్‌వేర్లు పెట్టి ప్రయోగాలు చేసి నేర్చుకునే ఏర్పాటు) పెట్టుకోవాలని ఇలా అడిగారు. టెక్‌నెట్ అంటే ఏటా చందా కట్టి మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించి చూసుకోవడానికి వాడుకునే పథకం. సూటిగా చెప్పాలంటే దొరకదు. మైక్రోసాఫ్ట్ 2013 ఆగస్టు 31తో టెక్‌నెట్ అమ్మకం ఆపేసింది. ఉచిత ట్రయల్ కాపీలు ఉన్నాయి కదా అన్నది వాళ్ల వాదన. నా దృష్టిలో అది సమానమైన బదులు కాదు. ఒక ల్యాబ్‌ను ఏళ్ల తరబడి పెంచుకుంటేనే పని వస్తుంది.

విండోస్ సర్వర్ ట్రయల్ 180 రోజులు నడుస్తుంది. గడువు దాటితే సర్వర్ గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. అంతకుముందే ట్రయల్ గడువును మళ్లీ మొదలుపెట్టే రీఆర్మ్ కమాండ్‌తో కొన్నిసార్లు పొడిగించుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ట్రయల్ కాపీని డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో అందరి లాగిన్‌లనూ చూసుకునే సర్వర్) చేస్తే, ఆ రోల్ తీసేయకుండా దాన్ని పూర్తి లైసెన్సుకు మార్చలేరు.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, పరీక్షలకు వాడుకునే డెవలపర్ ఎడిషన్ మాత్రం 2016 నుంచి ఉచితం, గడువు లేదు. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మిత్రులైతే టెక్‌నెట్‌లాగే పరీక్షలకు మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్లు ఇచ్చే విజువల్ స్టూడియో సబ్‌స్క్రిప్షన్ కంపెనీనే అడగండి, సొంతంగా కొనడం భారం. ఆన్‌లైన్‌లో కారుచవకగా అమ్మే లైసెన్సు కీల జోలికి దయచేసి పోవద్దు.