చక్కెర వేసుకున్నావు, ఒంట్లో బాగాలేదా?

ప్రశ్న: చైనావాళ్లు రోజంతా టీ తాగుతారు కదా, వాళ్ల ఆరోగ్యానికి అదే కారణమా? మనమూ గ్రీన్ టీకి మారితే గుండెకు మంచిదా?

ఉద్యోగం కోసం వెళ్లి చైనాలోని హాంగ్‌చౌలో మూడేళ్లు ఉన్నాను. పేరు మోసిన లుంగ్‌జింగ్ గ్రీన్ టీ పండేది ఆ ఊరి శివారు కొండల మీదే. కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర అరవై దాటిన కాపలాదారు ఒకాయన ఉండేవారు. షూషూ అని పిలిచేదాన్ని, మన బాబాయి అన్నమాట. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక గాజు సీసా ఉండేది. ఒకప్పుడు కాఫీ పొడి వచ్చిన సీసా అది, చేయి కాలకుండా దానికి ఊలుతో అల్లిన తొడుగు. పొద్దున ఏడింటికి చిటికెడు ఆకు వేస్తే సాయంత్రం దాకా అదే ఆకు. సీసా సగమైనప్పుడల్లా ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసేవారు. మధ్యాహ్నం దాటాక అందులో రంగు కూడా మిగిలేది కాదు. ఆయన దాన్నీ టీ అనే అనేవారు.

ఒక ఏప్రిల్‌లో, కొత్త ఆకు వచ్చిందని పిలిచి నాకూ ఒక గ్లాసు కలిపారు. అక్కడ చింగ్‌మింగ్ పండుగ ఏప్రిల్ 4నో 5నో వస్తుంది. దానికి ముందు కోసిన చిగురుకే గిరాకీ, ధర కూడా గుండె ఆగేటట్టు ఉంటుంది. నీళ్లు కాగగానే పోయలేదు. మరిగే నీళ్లు తగిలితే చిగురు ఉడికి చేదెక్కుతుందని, ఫ్లాస్కు మూత తీసి కాసేపు చల్లారనిచ్చారు. మూకుడులో చేత్తో అదిమి వేయించిన ఆకు కనుక చపటగా ఉంది. నీళ్లు పడగానే ఆకులు కొన్ని నిటారుగా లేచి నిలబడి, తర్వాత మెల్లగా అడుగుకు దిగాయి. వేయించిన శనగల వాసన వచ్చింది. గుటక వేస్తే నా నాలుకకు మాత్రం ఏమీ తగల్లేదు. సంచిలో చక్కెర పొట్లం ఉంటే చింపి అందులో పోసుకున్నాను.

బాబాయి చేతిలోని సిగరెట్టు గాల్లోనే ఆగిపోయింది. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. వెటకారం కాదు. ఎర్ర చక్కెర కలిపిన వేడినీళ్లు అక్కడ బాలింతలకు, నెలసరి నొప్పితో ఉన్న ఆడపిల్లలకు ఇస్తారు. టీలో చక్కెర వేసుకునే ఆరోగ్యవంతురాలిని ఆయన ఎన్నడూ చూసి ఉండరు.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ గ్లాసులోనే ఉంది. వాళ్ల టీ మంచిదైతే సగం గొప్పతనం అందులో చక్కెర లేకపోవడానిదే. నాలుగు కప్పుల్లో తలా రెండు చెంచాల చక్కెర తాగే మనకు, ఆకు మార్చినంత మాత్రాన ఏం మారుతుంది?

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి. 2020లో చైనాలో లక్ష మందికి పైగా పెద్దవాళ్లను సుమారు ఏడేళ్లు గమనించిన ఫలితాలు వచ్చాయి. వారానికి మూడుసార్లయినా టీ తాగే అలవాటున్నవాళ్లలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు 20 శాతం తక్కువగా కనిపించింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. కానీ అది టీ వల్లేనని అలాంటి అధ్యయనం తేల్చలేదు. టీ తాగేవాళ్ల మిగతా జీవితం కూడా వేరుగా ఉంటుంది కదా. ఆ మేలు గ్రీన్ టీలోనే స్పష్టంగా కనిపించింది, అయితే అందులో మనం వాడే నల్ల టీ తాగినవాళ్లు చాలా తక్కువ మంది.

దీనికి రెండో వైపూ ఉంది. మా ఆఫీసులో దక్షిణ చైనాలోని చావ్‌షాన్ ప్రాంతపు సహోద్యోగి ఒకడు బొటనవేలంత కప్పుల్లో పొగలు కక్కే టీ పోసేవాడు. మొదటిసారి నాలుక బొబ్బలెక్కింది. నేను ఊదుకుంటూ తాగితే నవ్వేవాడు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. 2018లో నాలుగున్నర లక్షల మంది చైనీయుల మీద వచ్చిన అధ్యయనంలో, కాలే టీతో పాటు రోజూ మద్యం కూడా బాగా తాగేవాళ్లకు ఆ ముప్పు అయిదు రెట్లు ఉంది. సిగరెట్టు తాగక, మందు కూడా మితిమీరనివాళ్లకు రోజూ టీ తాగినా ముప్పు పెరగలేదు. మా బాబాయి టీ చల్లార్చుకునేవారు, కానీ సిగరెట్టు ఆర్పిందే లేదు. రక్తపోటు మాత్రలు కూడా ఆ సీసా పక్కనే ఉండేవి. ఆరోగ్యవంతులైన చైనీయులని మీరనేది ఎవరినో మరి.

తిరిగొచ్చాక మా బంధువుల ఇళ్లలో గ్రీన్ టీ చూసి ఒళ్లు మండింది. సంచీ వేసి, మరిగే నీళ్లు పోసి, చేదెక్కాక రెండు చెంచాల తేనె పిండుతారు. పైగా బిర్యానీ తిన్న వెంటనే, కొవ్వు కరగడానికట! కరిగేది ఏమీ లేదు, భోజనంతో పాటు తాగితే ఒంటికి పట్టే ఇనుము తగ్గుతుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు కనీసం గంట ఆగండి.

మరి నువ్వేం తాగుతున్నావు అంటారేమో. పొద్దున పాల టీనే. చక్కెర రెండు చెంచాల నుంచి అర చెంచాకు దిగింది. అల్లం మాత్రం తగ్గించలేదు.