విండోస్ మారింది, పేజ్‌మేకర్ మొరాయిస్తోంది

ప్రశ్న: కావలి ట్రంకు రోడ్డులో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. పనంతా పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతోనే. విండోస్ 10లో ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. మా అబ్బాయి పట్టుబట్టి విండోస్ 11 ఎక్కించాడు. ఫాంట్లు కూడా మళ్లీ వేశాడు. అప్పట్నుంచి ఫైలు తెరవగానే పేజ్‌మేకర్ మూసుకుపోతోంది. ఎప్పుడైనా తెరుచుకున్నా ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. తప్పు కొత్త విండోస్‌దని నేనంటాను. పాత సాఫ్ట్‌వేర్ పట్టుకు వేలాడితే ఇంతేనని వాడంటాడు. ఎవరి మాట నిజం? ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఒకటే టెన్షన్.
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ ఇద్దరూ ఊహ మీద వాదించుకుంటున్నారు. సాక్ష్యం మీ సిస్టంలోనే ఉంది. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని టైప్ చేయండి. రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. తెరిస్తే తేదీలవారీగా ఒక గ్రాఫ్, సిస్టం నిలకడకి 1 నుంచి 10 దాకా మార్కులు కనిపిస్తాయి. ప్రోగ్రాం పడిపోయిన రోజు కింద ఎర్ర గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి వివరాల్లోకి వెళ్తే ‘ఫాల్ట్ మాడ్యూల్ నేమ్’ అని, ప్రోగ్రాం ఎక్కడ పడిపోయిందో ఆ ఫైలు పేరు చూపిస్తుంది. అది ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాం) ఫైలైతే ముందు చూడాల్సింది ఆ డ్రైవర్‌ని.

నా అనుమానం కూడా ప్రింటర్ మీదే. పేజ్‌మేకర్ పేజీని ప్రింటర్‌ని బట్టి అమర్చుకునే రకం. డ్రైవర్ సరిగా లేకపోతే ఫైలు తెరిచేటప్పుడే కూలబడొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల దగ్గరికి వెళ్లి, డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే ఎంచుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ని డిఫాల్ట్‌గా పెట్టి అదే ఫైలు తెరవండి. తెరుచుకుంటే మీ ప్రింటర్‌కి విండోస్ 11 డ్రైవర్ వేయించుకోవాలి.

ఇంగ్లీషు అక్షరాల సంగతి వేరు. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చినవి. ఫాంటు దొరక్కపోతే వెనకున్న ఇంగ్లీషు బయటపడుతుంది. మీ ఫైలు పాడవలేదు, భయపడకండి. ఇప్పటి విండోస్‌లో మామూలుగా ‘ఇన్‌స్టాల్’ కొడితే ఫాంటు ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది. కొన్ని పాత ప్రోగ్రాంలకి అది కనబడదు. ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి.

ఇక మీ తగువు. మీ అబ్బాయి మాటలో నిజముంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత అడోబ్ దాన్ని అభివృద్ధి చేయడమే మానేసింది. విండోస్ 11 మీద అది నడవాలని ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మారాలన్న తొందరా అర్థమైంది. అలాగని కొత్తదంతా నమ్మకమైనదీ కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఒక్కటి వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చాకే సర్దుకుంది. మన అక్షరాలతో ముందే సరిగా పరీక్షించి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కానీ పెళ్లిళ్ల ముందు, అన్నం పెట్టే సిస్టం మీద అప్‌గ్రేడ్ చేయడం మాత్రం సరికాదు. అందులో నేను మీ పక్షమే. పది రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలుంటుంది గానీ, ఈ సంచిక మీకు అందేసరికి ఆ గడువు దాటిపోతుంది. పాత సిస్టం ఇంకొకటి ఉంటే దాంట్లో విండోస్ 10, పేజ్‌మేకర్ ఉంచి నెట్ తీసేయండి. దాంట్లోకి ఫైళ్లు తెచ్చి, తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌ని బయటి సిస్టంలలో పెట్టకండి. పాత శుభలేఖల ఫైళ్లు అక్కడే తెరవండి. కొత్త ఆర్డర్లు యూనికోడ్‌లో మొదలుపెట్టమని మీ అబ్బాయికి అప్పగించండి. ప్రెస్సుకి పంపే ముందు పీడీఎఫ్‌లో ఒత్తులు, దీర్ఘాలు, వధూవరుల పేర్లు మీరే ఒకసారి చదవండి.