మబ్బు పడితే పాఠం ఆగిపోతోంది

ప్రశ్న: మేడమ్ గారూ, విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక బడిలో మూడో తరగతి చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇల్లూ మునిగింది. పిల్లలతో డాబా మీదే గడిపాం. ఇప్పటికీ వాన మొదలైతే చాలు, నా క్లాసు పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెడతారు. ‘టీచర్, మళ్లీ వస్తుందా?’ అంటారు. నాకు గుండె దడ. కసిరి కూర్చోబెడతాను. మొన్న ఒకణ్ణి కొట్టాను కూడా. ఇంటికొచ్చి ఏడ్చాను. ‘జీతం వస్తోందిగా, ఇంకేం టెన్షన్?’ అంటారు మావారు. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా?
– ఒక టీచర్, విజయవాడ

జవాబు: కొట్టానని దాచకుండా రాశావు చూడమ్మా, సగం పని అక్కడే అయింది. మిగతా సగం రేపు పొద్దున చెయ్యి. అందరి ముందూ కొట్టావు కాబట్టి అందరి ముందే వాడికి సారీ చెప్పు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసే నాటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. బడి మళ్లీ తెరిచిన రోజు అలవాటుగా హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచాను. నాలుగో పేరుకి పలుకు లేదు. ముందు వరసలో పిల్ల లేచి ‘లేదండి’ అంది. బడికి రాలేదనుకుని మళ్లీ పిలిచాను! అర్థమయ్యాక పట్టీ అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. మా హెడ్మాస్టరు గారు ఒక్క మాట అడగలేదు. సాయంత్రం దాకా నా క్లాసు ఆయనే చూసుకున్నారు. మర్నాటికి కొత్త పట్టీ రాసి తెచ్చారు.

ఇంటర్‌వెల్లో పిల్లలు ఉప్పెన ఆట ఆడేవారు. ఒకడు కెరటం, మిగతావాళ్లు తాడిచెట్టు ఎక్కినవాళ్లు. నాకు ఒళ్లు మండి ఆపించబోయాను. ‘ఆడుకోనీయమ్మా, వాళ్లకి చెప్పుకోవడం ఇంకెలా వస్తుంది?’ అన్నారాయన. కొన్నాళ్లకి వాళ్లకే విసుగొచ్చి గోళీల్లోకి దిగారు.

అందుకని ‘మళ్లీ వస్తుందా’ అని అడిగితే రాదని మాత్రం చెప్పకు. ఆ మాట నీకే నమ్మకం లేదు, వాళ్లు నీ మొహం చూసి పట్టేస్తారు. ‘నాక్కూడా భయమే. వస్తే ఏం చేద్దాం?’ అను. పుస్తకాలు పై అరలో సర్దే పని ఇద్దరికి, కిటికీలు మూసే పని ఇద్దరికి ఒప్పజెప్పు. ఆ పూట ఎక్కాలు చెప్పకపోతే కొంపలేం మునగవు (ఈ మాట నీకు రాయకూడదేమో, అలవాటులో వచ్చేసింది). బొమ్మలు గీయించు. నీళ్లే గీస్తారు, గీయనీ.

ఇక నీ సంగతి. పక్క క్లాసు టీచరుతో ఈ రోజే మాట్లాడుకో. దడ మొదలైతే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడతానని, ఐదు నిమిషాలు తను చూసుకోవాలని చెప్పు. ఆమెకీ అలాంటి రోజు ఉంటుంది, అప్పుడు నువ్వు వెళ్లు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, వాన లేని రోజు కూడా చేతులు వణుకుతున్నా 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ఫోన్ లైను, ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నా రోజుల్లో ఇవేవీ లేవు. ఆరేడేళ్లు సముద్రం వైపు వెళ్లలేకపోయాను, ఎవరికీ చెప్పలేదు కూడా.

మీవారికి ఈ పేజీ చూపించు. ఆ పిల్లాడికి సారీ చెప్పాక వాడేమన్నాడో నాకు రాయి.